శేషగిరి బోణీ

ఢిల్లీలో, మయూర్ విహార్ ఫేజ్ వన్‌లో డీడీఏ ఫ్లాట్ల వెనకాల ఓ చిన్న మార్కెట్ ఉంది. పొద్దున్నే ఆ మార్కెట్లో శేషగిరి కనబడితే షాపులవాళ్ళు మొహాలు తిప్పుకునేవారు. కొందరైతే లేపిన షట్టరు మళ్ళీ సగానికి దించేవారు. మనిషి చెడ్డవాడా అంటే కాదు. నంద్యాల నుంచి వచ్చి కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన పెద్దమనిషి. ఒకరి సొమ్ము ముట్టడు, ఒకరిని పల్లెత్తు మాట అనడు. సరే, ఆ రెండోది అబద్ధం. అంటాడు, బాగానే అంటాడు, కానీ మనసులో ఏమీ ఉంచుకోడు. వచ్చిన చిక్కల్లా ఆయన బేరంతోనే.

ఆ బేరం చూసితీరాలి. చేతిరుమాలు కొనాలని వెళ్తే కొట్లో ఉన్న రుమాళ్ళన్నీ విప్పించి, ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూసి, ధర అడిగి, చెప్పిన ధరలో సగానికి అడిగి, ఆ సగమే ఎందుకు న్యాయమో తన నంద్యాల హిందీలో ఉపన్యాసమిచ్చి, ఆఖరికి "వద్దులేప్పా" అని సంచీ ఊపుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఇదంతా సాయంత్రం చేస్తే ఎవరికీ పట్టేది కాదు. ఆయన చేసేది పొద్దున్నే, షాపు తెరవగానే, మొదటి గిరాకీగా. మనకి బోణీ ఎంతో ఢిల్లీవాళ్ళకి బోహ్నీ అంత. మొదటి మనిషి ఉత్తచేతులతో వెనక్కి తిరిగాడా, ఇక ఆ రోజంతా ఈగలు తోలుకోవడమేనని వాళ్ళ నమ్మకం. నమ్మకానికి మందేముంది!

ఆ నమ్మకానికి ఓ పదేళ్ళ కిందట గట్టి సాక్ష్యం కూడా దొరికింది. భసీన్ అని ఓ పంజాబీ ఆయన, మార్కెట్లో పెద్ద బట్టల కొట్టు ఆయనది. ఓ రోజు పొద్దున శేషగిరి ఆయన కొట్లో రుమాళ్ళన్నీ చూసి, ఒక్కటీ కొనకుండా వెళ్ళాడు. అదే సాయంత్రం షార్ట్ సర్క్యూట్ అయి కొట్టు సగం కాలిపోయింది. కరెంటు తీగలు పాతబడి పగుళ్ళిచ్చాయన్న సంగతి అందరికీ తెలుసు. అయినా తీగని తిడితే కసి తీరదు కదా, మనిషిని తిట్టాలి. "పనౌతీ!" అన్నారు. అంటే దరిద్రపు పాదం అని. ఆ ముసలాణ్ణి మార్కెట్లో అడుగు పెట్టనివ్వొద్దని నలుగురూ గోల పెట్టారు.

అప్పుడు ముందుకొచ్చినవాడు గోవిందరాజులు.

ఆయనది పాలకొల్లు. రైలు పార్సిల్లో కొబ్బరికాయలు తెప్పించుకుని అమ్మడంతో మొదలుపెట్టి, ఊరగాయలు, అప్పడాలు, కాఫీ పొడి, ఇంగువ, మన పచారీ సామానంతా దొరికే 'గోదావరి ప్రొవిజన్స్' నిలబెట్టాడు. పంజాబీలు, జాట్లు, బెంగాలీలు ఉన్న మార్కెట్టుకి ఓ తెలుగువాడు ప్రధాన్, అంటే షాపులవాళ్ళ సంఘానికి పెద్ద, అవడం మాటలా? అయ్యాడు. ఏడాదేడాదీ ఆయన్నే ఎన్నుకునేవారు. ఆయన హిందీలో లింగం ఎప్పుడూ తప్పే, లెక్క మాత్రం ఎప్పుడూ ఒప్పే.

ఆ రోజు ఆయన రెండు పనులు చేశాడు. తన కొట్లో సగం ఖాళీ చేసి, పెళ్ళిళ్ళ సీజను అయ్యేదాకా భసీన్‌కి ఇచ్చాడు. పచ్చళ్ళ జాడీల పక్కన పెళ్ళి లెహంగాలు! ఆ ఏడాది తూర్పు ఢిల్లీలో పెళ్ళికూతుళ్ళందరి దగ్గరా ఇంగువ వాసనేనని భసీన్ భార్య ఇప్పటికీ నవ్వుతుంది. రెండో పని, శేషగిరి ఇంటికొచ్చి కాఫీ తాగుతూ అన్నాడు.

"శేషగిరిగారూ, రేపట్నించి మీ బోణీ నాదండీ. ఇంకే కొట్టూ ఎక్కద్దు. పొద్దున్నే తిన్నగా నా దగ్గరికే రావాలి."

"ఏమప్పా రాజులూ, నీకూ కొట్టు తగలబడాలని ఉండాదా?"

"ఆయ్, తగలబడితే భసీన్‌గారు వారి కొట్లో సగం నాకిస్తారు కదండీ. మరదే కదా మార్కెట్టంటే!"

అట్లా మొదలైంది. పొద్దున ముందుగా గోదావరి ప్రొవిజన్స్ షట్టరు లేచేది. పాతకాలపు షట్టరు, ఫేజ్ టూ దాకా వినబడేంత గోల చేసేది. దాని వెనకే మిగతా షట్టర్లు ఒకటొకటీ లేచేవి, అది ఆ మార్కెట్టు వరస. ఆ గోల వినగానే శేషగిరి చెప్పులేసుకునేవాడు. కొట్లోకి వచ్చి ఓ కొబ్బరికాయ తీసుకుని చెవి దగ్గర ఊపేవాడు.

"ఇందులో నీళ్ళుండాయా, ఉత్త నీ మాటలే ఉండాయా?"

"గోదారి కాయండీ బాబూ. పన్నెండు."

"ఎనిమిది. ఇష్టముంటే ఈ, లేకుంటే పోతా."

"ఎనిమిదికి డొక్క కూడా రాదండి."

పోరి పోరి పది దగ్గర ఆగేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ ధరలు మారాయి కానీ పోరు మారలేదు. అయ్యాక శేషగిరి చెయ్యి చాపి "కొసరు?" అనేవాడు. గోవిందరాజులు గుప్పెడు కరివేపాకు సంచీలో పడేసేవాడు. కరివేపాకుకి డబ్బులివ్వడమంటే నంద్యాల పరువు తీసినట్టేనని శేషగిరి సిద్ధాంతం. ఆ పదిరూపాయల కాగితం గోవిందరాజులు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసేవాడు. ఇంట్లో శేషగిరి భార్య అన్నపూర్ణేశ్వరి మాత్రం నెత్తి కొట్టుకునేది. "రోజూ కొబ్బరికాయేమిటండీ, మనిల్లేమన్నా గుడా? పచ్చడి చేశా, లౌజు చేశా, కూరల్లో వేశా, ఇంక నా నెత్తిన కొట్టుకోవాలి!"

మరి దరిద్రపు చేతి బోణీ పట్టినవాడి కొట్టు ఏమవాలి? మునగాలి కదా. మునగలేదు సరికదా, మార్కెట్లో ఆ కొట్టుకున్న గిరాకీ ఇంకే కొట్టుకీ లేదు. నోయిడాలో సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆఫీసు క్యాబులు ఆపించి మరీ గోంగూర కొనుక్కునేవారు. ఈ సంగతి అందరూ కళ్ళారా చూశారు, ఒక్కడూ పైకి అనలేదు. నమ్మకాలున్నవాళ్ళకి లెక్కలు రావు.

ఆ తరవాత మెట్రో పని మొదలైంది. మార్కెట్టు ముందు రోడ్డుకి అడ్డంగా ఎత్తైన నీలం రేకులు నిలబెట్టారు. మార్కెట్టనేది ఒకటి ఉందన్న సంగతే జనం మరిచిపోయారు. దుమ్ముకి కొట్లలో మిఠాయిలూ బట్టలూ ఒకే రంగులోకొచ్చాయి. కొందరు అమ్ముకుపోదామన్నారు. గోవిందరాజులు పోనివ్వలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, రేకుల మధ్య రిక్షా పట్టేంత సందు తెరిపించాడు. ఆ రేకుల మీదే కొట్లన్నింటి పేర్లతో పెద్ద బోర్డు కట్టించాడు, తన కొట్టు పేరు అన్నిటికంటే కింద. తన దగ్గరికొచ్చిన ప్రతి గిరాకీనీ ఇంకో కొట్టుకి తోలేవాడు. "పప్పు తీసుకున్నారు, బాగుంది. చెప్పు తెగినట్టుందే, ఆ మూల కుట్టిస్తారు చూడండి" అనేవాడు. ఓ కొట్లో అసలు బేరమే లేదని తెలిస్తే తానే వెళ్ళి ఏదో ఒకటి కొనేవాడు. గొడుగుల కొట్లో అట్లా కొని కొని, ఆయన దగ్గర చేరినన్ని గొడుగులు వాతావరణ శాఖ దగ్గర కూడా ఉండవు.

"రైలు రానివ్వండి సార్" అనేవాడు శేషగిరితో. "మొదటి రైలు దిగిన జనం మెట్లు దిగి మన మార్కెట్లోకే నడుస్తారు. ఆ రోజు నా షట్టరు ఎలా లేస్తుందో చూడండి. మీ బోణీ, వాళ్ళ గిరాకీ!"

రైలు రాలేదు. ఏప్రిల్లో, ఎండలు ముదరకముందే, గుండె పట్టుకుని ఆటోలో ఆసుపత్రికి వెళ్తూ దారిలోనే పోయాడు గోవిందరాజులు.

మార్కెట్టంతా ఒకరోజు మూసేశారు. సంతాపసభ పెట్టారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు, ఎవడు పోయినా నాలుగు మంచిమాటలు దొర్లుతాయి. కానీ ఆ సభలో అబద్ధం ఒక్కటీ దొర్లలేదు. భసీన్ లేచి పెళ్ళి లెహంగాల కథ సగం చెప్పి, మిగతా సగం చెప్పలేక కూర్చున్నాడు. శేషగిరిని మాట్లాడమన్నారు. ఆయన లేచాడు, గొంతు సవరించుకున్నాడు, మాట రాలేదు. జీవితంలో మొదటిసారి మాట రాలేదు. కోపమొచ్చింది ఆయనకి, తన మీదా, చెప్పాపెట్టకుండా పోయిన స్నేహితుడి మీదా. చరచరా ఇంటికెళ్ళిపోయాడు.

తర్వాతి రోజు నుంచి గోదావరి ప్రొవిజన్స్ షట్టరు లేవలేదు. మిగతా కొట్లు ఎవరిష్టమొచ్చినప్పుడు వాళ్ళు తెరుచుకున్నారు. శేషగిరి పొద్దున్నే అలవాటుగా చెప్పులేసుకుని, గోల వినబడక, మళ్ళీ విప్పేసేవాడు. అన్నపూర్ణేశ్వరి కొబ్బరి లేని చట్నీ చేసి పెడుతూ, రోజూ కాయ చూసి నెత్తి కొట్టుకున్న మనిషే "బావుండలేదు కదండీ" అని కళ్ళొత్తుకునేది.

అక్టోబరు ఆఖరున పేపర్లో వేశారు, నవంబరులో మెట్రో మయూర్ విహార్ మీదుగా నోయిడా దాకా నడుస్తుందని. సంవత్సరం రెండువేల తొమ్మిది. ఆ వారంలోనే గోవిందరాజులు భార్య మాణిక్యాంబ శేషగిరిని ఇంటికి పిలిచింది. ఆవిడ ఫ్లాటు మార్కెట్టు వెనక సందులోనే, రెండో అంతస్తు. బాల్కనీ నిండా గోనెసంచులు ఉన్నాయి.

"కొబ్బరికాయలు తెప్పించానన్నయ్యగారూ" అంది, ఏదో తప్పు చేసినట్టు. "పాలకొల్లు నుంచి. ఆయన తెప్పించే వాళ్ళ దగ్గరే. ఊరగాయ జాడీలు కూడా దిగాయి. రైలు నడిచే రోజు కొట్టు తెరుద్దామని."

"మంచిపని చెల్లెమ్మా! ఇంకేమి ఆలోచన?"

ఆలోచన కూతురు తేజశ్రీది. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషులోనో హిందీలోనో వస్తుంది. కోపమొస్తే మూడూ కలిసి వస్తాయి. "అంకుల్, బీ ప్రాక్టికల్. మొబైల్ షోరూమ్ వాళ్ళు మన షాప్ అడుగుతున్నారు. ట్రైన్ స్టార్ట్ అయిన రోజు సాయంత్రం ఆన్సర్ చెప్పాలి, నహీఁ తో వేరే షాప్ చూసుకుంటారట. అమ్మని ఈ మార్కెట్ వాళ్ళు ఏమన్నారో తెలుసా?"

తెలీదు శేషగిరికి. తేజశ్రీయే చెప్పింది. రైలు నడిచే రోజు మార్కెట్లో పూజ పెట్టుకున్నారట. ముహూర్తం పెట్టి, పండితుడు మంత్రం చదివాక, ముందుగా భసీన్ షట్టరు లేపుతాడట, వెనక అందరూ. భసీన్ స్వయంగా వచ్చి చేతులు జోడించి మరీ చెప్పాడట. భాభీజీ తప్పకుండా కొట్టు తెరవాలి, మేమందరం ఉన్నాం, కానీ ఆ రోజు కాకుండా ఓ వారం పోయాక. శుభదినం కదా, మొట్టమొదట... అర్థం చేసుకోండి, అన్నాడట.

అర్థం కాకపోవడానికేముంది? భర్త పోయిన ఆడది మొదట షట్టరు లేపితే మార్కెట్టుకి కీడు. ఆ మాట పైకి అనకుండా చేతులు జోడించడం ఒక సంస్కారం!

మాణిక్యాంబ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "వాళ్ళననేముందిలెండి. మనవైపు మాత్రం అనరా? ఆయన వాళ్ళకోసమే అరిగిపోయాడు, ఆ మాటే కొంచెం కష్టంగా ఉంది. నేను ముందు తెరవకపోతే ఆయన కొట్టు ఇంక ఆయన కొట్టు కాదన్నయ్యగారూ, నలుగురిలో ఓ కొట్టు. దాని బదులు అమ్మేసుకోవడమే నయం. ఆ షోరూమ్ అబ్బాయికి సాయంత్రం చెప్పేస్తాను."

శేషగిరి సంచీ తీసుకుని లేచాడు. మెట్లు దిగుతుంటే చెవులు వేడెక్కాయి. గోవిందరాజులు కొట్లో గాజు అద్దాలు పెట్టి, ఫోన్లు వేలాడదీసి, పెద్దగా పాటలు పెడతారా? ఆ గల్లాపెట్టె దగ్గర ఎవడో టై కట్టుకున్నవాడు 'హాయ్ సర్' అంటాడా? నా శవమ్మీద అనాలి, అనుకున్నాడు. ఇంటికెళ్ళి అన్నపూర్ణేశ్వరితో చెప్పి, రెండుసార్లు తిట్టి, మూడోసారి తిట్టబోతూ టక్కున ఆగిపోయాడు.

"ఏమే, ఆ రోజు మార్కెట్లో మొదటి గిరాకీ ఎవరంటావు?"

"నాకేం తెలుసండీ, ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరు ఎందుకు? నేనే!"

ఆవిడ ఆయన మొహంకేసి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడు అంత సంతోషంగా కొట్టు మాట ఎత్తడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

రైలు మామూలు జనానికి నడిచే మొదటి పొద్దు. నీలం రేకులు తీసేశారు, మార్కెట్టు మొహం మళ్ళీ రోడ్డుకి కనబడింది. బంతిపూల తోరణాలు కట్టారు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి, ముహూర్తం కోసం అందరూ కొట్ల ముందు కొత్త స్వెట్టర్లలో నిలబడ్డారు. భసీన్ కొట్టు ముందు పండితుడు అగరొత్తులు వెలిగిస్తున్నాడు. శేషగిరి ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచీ పట్టుకుని, మార్కెట్టు నడిమధ్య నుంచి పెళ్ళికొడుకులా నడుచుకుంటూ వచ్చాడు.

మొహాలు తిప్పుకున్నారు. ఈసారి తిప్పుకుంటే పోయేది కాదు. ఆయన తిన్నగా భసీన్ దగ్గరికెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు.

"నమస్తే భసీన్ సాబ్. ముహూర్తం ఎప్పుడు?"

"ఇంకో పది నిమిషాలు బాబూజీ" అన్నాడు భసీన్, అనుమానంగా. "మీరు... ఎందుకొచ్చారు?"

"రుమాళ్ళు చూద్దామని. ఆ రోజు సరిగ్గా చూడలేదు. పండితుడు షట్టరు తెరిపిస్తాడు, కొనడానికి మనిషి కావాలి కదా. మొదటి గిరాకీ నేనే. అన్నీ చూస్తాను."

భసీన్ మొహంలో రక్తం చుక్క లేదు. "చూసి, కొంటారా?"

"కొనను" అన్నాడు శేషగిరి, ఎంతో ప్రశాంతంగా. "ఇక్కడ అయ్యాక మిఠాయి కొట్టు. ఆ తరవాత చెప్పుల కొట్టు. ఆ తరవాత పుస్తకాల కొట్టు. అన్నీ తిరుగుతాను. ఒక్కటీ కొనను. నాకేం తొందర, రిటైరైనవాణ్ణి."

మార్కెట్టంతా గొల్లుమంది. మిఠాయి కొట్టతను రెండు చేతులూ చాచి తన షట్టరుకి అడ్డంగా నిలబడ్డాడు. "బాబూజీ, ఆజ్ కే దిన్ నహీఁ, ఇవాళ మాత్రం వద్దు! ఇన్నేళ్ళకి రైలొచ్చింది!" అని ఒకడు. "భసీన్ సాబ్, ఆపండి ఆయన్ని!" అని ఇంకొకడు. పండితుడు కూడా కాస్త వెనక్కి జరిగాడు. పనౌతీ అంటే ఎవరికి భయం ఉండదు!

భసీన్ చేతులు జోడించాడు. "బాబూజీ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఎక్కడైనా ఏదైనా ఒక్కటి కొనండి. డబ్బులు నేనిస్తాను."

"నీ డబ్బు ఎవడిక్కావాలి? కొంటాను. కొనేది ఒక్క కొట్లోనే. ఇన్నేళ్ళూ నా బోణీ ఎవరు పట్టారో ఆ కొట్లోనే."

అందరి తలలూ ఒకేసారి అటు తిరిగాయి. గోదావరి ప్రొవిజన్స్ షట్టరు మీద ఏప్రిల్ నుంచి పట్టిన దుమ్ము. దానికి మాత్రం తోరణం కట్టలేదు.

శేషగిరి లేచాడు. సంతాపసభలో రాని మాట ఇప్పుడు వచ్చింది, ఆయనకొచ్చిన హిందీలో, గట్టిగా. "శుభం, అశుభం అంటున్నారు మీరు. ఈ మార్కెట్లో నా చేతికంటే చెడ్డ చెయ్యి ఇంకోటుందా? మీరే అన్నారు కదా! ఆ చెయ్యి ఆయన రోజూ పట్టుకున్నాడు. మీ నెత్తిన పడాల్సిన దరిద్రమంతా పొద్దున్నే తన గల్లాలో వేసుకుని, కళ్ళకద్దుకుని, ఆ తరవాత మీ అందరికోసం పరుగులు తీశాడు. ఏమైంది? ఆయన కొట్టు మునిగిందా? మీది మునిగిందా? ఈ రోడ్డు మీద మీరు ఇవాళ నిలబడ్డారంటే ఎవడి చలవ? అటువంటివాడి పెళ్ళాం షట్టరు లేపితే మీకు కీడా? మీకు సిగ్గుండాలి!"

శేషగిరి ముక్కుపుటాలు ఇంకా అదురుతూనే ఉన్నాయి. భసీన్ తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన కళ్ళముందు ఏముందో మనకి తెలుసు, పచ్చళ్ళ జాడీల పక్కన ఎర్ర లెహంగాలు. తన కొట్టుకి కట్టిన తోరణం తానే విప్పాడు. దాన్ని తీసుకెళ్ళి గోదావరి ప్రొవిజన్స్ షట్టరుకి కట్టాడు. చొక్కాతో దుమ్ము తుడిచాడు. తరవాత సందులోకి పరుగు లాంటి నడకతో వెళ్ళి, రెండో అంతస్తు బాల్కనీ కింద నిలబడి, గొంతెత్తి పిలిచాడు.

"భాభీజీ! చాబీ తీసుకురండి. మార్కెట్టు తెరవాలి, అందరూ మీకోసం ఆగారు."

మాణిక్యాంబ బాల్కనీలోకొచ్చింది. అర్థం కానట్టు చూసింది. "ఇవాళ బోణీ ఎవరిదట?" అంది.

"బాబూజీది!" అన్నాడు భసీన్, ఏడవలేక నవ్వుతూ.

మాణిక్యాంబ నవ్వింది. ఏప్రిల్ తరవాత తల్లి నవ్వడం తేజశ్రీ చూడలేదు. ఇంకేమీ వాదించకుండా ఓ గోనెసంచీ భుజానేసుకుని మెట్లు దిగింది ఆ పిల్ల. రెండోది భసీన్ ఎత్తుకున్నాడు.

తాళం తీసి, మాణిక్యాంబ షట్టరు పట్టుకుని లాగింది. తుప్పుపట్టి రాలేదు. ఎవరో సాయానికి రాబోతే శేషగిరి చెయ్యి అడ్డుపెట్టాడు. తేజశ్రీ వచ్చి తల్లి పక్కన పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒక్క ఊపు ఊపారు. ఆహా, ఏం గోల! ఎన్ని నెలల మౌనం కక్కిందో ఆ షట్టరు. దాని వెనకే చెప్పుల కొట్టు, మిఠాయి కొట్టు, పుస్తకాల కొట్టు, అన్నీ వరసగా దడదడా లేచాయి. అన్నిటికంటే ఆఖరున భసీన్‌ది లేచింది. సరిగ్గా అప్పుడే పైన వంతెన మీద నుంచి రైలు వెళ్ళింది. పొద్దుటి ఎండలో తళతళలాడుతూ, కిటికీల నిండా జనంతో. మార్కెట్టంతా తలెత్తి చప్పట్లు కొట్టింది.

శేషగిరి కొట్లోకి నడిచాడు. గల్లాపెట్టె వెనక మాణిక్యాంబ కూర్చుంది. భర్త కూర్చునే ఎత్తు పీట మీద, కాళ్ళు నేలకి అందక కొంచెం వేలాడుతున్నాయి. ఆయన ఓ కొబ్బరికాయ తీసుకుని చెవి దగ్గర ఊపాడు. నీళ్ళున్నాయి.

"ఎంతమ్మా?"

"ఇరవై అన్నయ్యగారూ."

ఆయన మారు మాట్లాడకుండా జేబులోంచి ఇరవై తీసి బల్ల మీద పెట్టాడు. మాణిక్యాంబ నోటు ముట్టుకోలేదు.

"ఇదేంటండీ?"

"డబ్బు."

"బేరమాడండి" అందావిడ. "మీరు బేరమాడకపోతే ఆయన బోణీ ఎలా అవుతుందండీ?"

బయట జనమంతా గుమ్మం దగ్గర మూగి చూస్తున్నారు. శేషగిరి కొబ్బరికాయని మళ్ళీ చెవి దగ్గర ఊపి, ఆఖరికి అన్నాడు.

"ఇందులో నీళ్ళుండాయా... ఉత్త నీ మాటలే ఉండాయా?"

"ఆయ్, గోదారి కాయండీ బాబూ!"

"పన్నెండు. ఇష్టముంటే ఈ, లేకుంటే పోతా."

"పన్నెండుకి డొక్క కూడా రాదండి."

పోరు పోరి పదహారు దగ్గర ఆగారు. బయట ఈలలు వేశారు. మాణిక్యాంబ డబ్బు కళ్ళకద్దుకుని గల్లాలో వేసింది. శేషగిరి కన్నీళ్ళతోనే అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు.

"కొసరు?"

మాణిక్యాంబ గతుక్కుమంది. అన్నీ తెచ్చింది, కరివేపాకు మరిచిపోయింది. తేజశ్రీ "ఓ నో" అంది. కొసరు లేకుండా బోణీ ఏమిటి? ఒక్క క్షణం అందరూ బిక్కమొహాలేశారు. అప్పుడు భసీన్ జనాన్ని తోసుకుంటూ తన కొట్లోకి పరుగెత్తాడు. చేతిలో కొత్త రుమాలుతో తిరిగొచ్చాడు. తెల్లది, నీలం అంచు. తన కొట్టు బోణీ ఇంకా కాలేదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు, మార్కెట్టుకీ తెలుసు. అయినా దాన్ని శేషగిరి చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"యే లో బాబూజీ. కొసరు."

శేషగిరి దాన్ని వెలుతురుకి పట్టి చూడలేదు. కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తరవాత కొట్టు ఎవరి చేతుల్లోనూ లేదు, జనం చేతుల్లో ఉంది. కొత్త రైలు సరదాకి ఎక్కినవాళ్ళూ, నోయిడా వెళ్ళి వస్తున్నవాళ్ళూ మెట్లు దిగి తిన్నగా మార్కెట్లోకే నడిచారు, గోవిందరాజులు చెప్పినట్టే. మధ్యాహ్నానికి మిఠాయి కొట్లో పళ్ళేలు ఖాళీ. భసీన్ భోజనానికి కూడా లేవలేకపోయాడు. తేజశ్రీ ఆఫీసుకి సెలవు పెట్టి, వచ్చిన ప్రతివాడికీ మూడు భాషల్లో పచ్చడి అమ్మింది. సాయంత్రం షోరూమ్ అబ్బాయి టై కట్టుకుని వస్తే గిరాకీ అనుకుని అతనికీ ఓ గోంగూర జాడీ అంటగట్టింది. పాపం, అతను డబ్బులిచ్చి, వరసలోంచి బయటపడ్డాక, వచ్చిన పని గుర్తొచ్చి వెనక్కొచ్చాడు. "అమ్మ అమ్మదు" అంది తేజశ్రీ, అచ్చ తెలుగులో.

తర్వాతి రోజు పొద్దున్నే ఆ గోల వినగానే శేషగిరి చెప్పులేసుకున్నాడు. మార్కెట్లో అడుగు పెట్టాడో లేదో, మిఠాయి కొట్టతను ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "బాబూజీ, ఇవాళ నా దగ్గర బోహ్నీ చెయ్యండి, ఒక్క లడ్డూ!" చెప్పుల కొట్టతను రెండో చెయ్యి పట్టుకున్నాడు. అటునుంచి భసీన్ రుమాళ్ళ పెట్టె మొత్తం తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. "అన్నీ చూడండి, ఎంతసేపైనా చూడండి!"

శేషగిరి రెండు చేతులూ విడిపించుకుని సంచీ సర్దుకున్నాడు.

"లేదప్పా" అన్నాడు, తల అడ్డంగా ఊపి. "నా బోణీ ఎప్పుడో రాజులుకి ఇచ్చేసినా."